ఏడాదికి నెలలు పన్నెండు, రీచార్జీలు పదమూడు!



"యూనియన్‌కు ఈ ఫోన్ల గొడవ, నెట్టు గొడవ ఎందుకు? బోనసు అడగండి, కరువు భత్యం అడగండి, అంతే చాలు" అని మనలో కొందరు అంటున్నారు. వారికి ఇదే మా జవాబు. పగారు పెంచమని యజమానిని నిలదీయడం ఎంత అవసరమో, ఆ పగారు చేతికి రాగానే ఏ దారిన జారిపోతున్నదో చూసుకోవడం అంతే అవసరం. కిరాణా సేటు తూకంలో కొడితే మనం ఊరుకోం. రేషను దుకాణంలో కిరోసిన్ తక్కువ పోస్తే గుంపుగా వెళ్లి అడిగిన వాళ్లం మనం. మరి ప్రతి ఇంట్లో నెలనెలా వందల రూపాయలు తూకం లేకుండా, రసీదు లేకుండా, అడిగే దిక్కు లేకుండా పోతుంటే నోరు మూసుకుని ఉండాలా?

షోకు వస్తువు అనేవారికి

ఫోను, ఇంటర్నెట్టు బాబుల షోకు అనే మాట ఒకప్పుడు నిజమే. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు అమ్మడం మొదలుపెట్టినప్పుడు 250 గంటలకు ఐదు వేల రూపాయలు తీసుకునేది. ఆనాడు మిల్లు కార్మికుడికి దానితో పని లేదు, అది మన గడప తొక్కలేదు.

ఇవాళ సంగతి వేరు. పీఎఫ్ డబ్బు ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే ఆధార్‌తో ముడిపెట్టిన ఫోను నంబరుకు ఓటీపీ రావాలి. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ నమోదుకు ఆధార్‌తో ముడిపడిన ఫోను అడుగుతారు. బ్యాంకులో పగారు పడిందా లేదా తెలియాలంటే మెసేజి రావాలి. గ్యాసు బండ బుక్ చేయాలన్నా, పిల్లల స్కూలు నుంచి కబురు రావాలన్నా, సిరిసిల్లలోనో పాలమూరులోనో ఉన్న ముసలి తల్లికి నాలుగు వందలు పంపాలన్నా ఫోనే. సాంచా నడిపేవాడికి, బీడీలు చుట్టే మన ఇళ్ల ఆడవాళ్లకు, వార్పింగు ఖాతాలో పనిచేసే బదిలీ కార్మికుడికి ఇప్పుడు ఫోను నంబరు అంటే రేషను కార్డులాంటిది. రేషను కార్డును 28 రోజులకోసారి డబ్బు కట్టి బతికించుకోవాలని ప్రభుత్వం అంటే ఊరుకుంటామా? ఫోను నంబరు విషయంలో సరిగ్గా అదే జరుగుతున్నది.

గడువు తీరితే ఏమవుతుంది? ముందు మనం చేసే ఫోన్లు ఆగిపోతాయి. కొన్నాళ్లకు మనకు వచ్చే ఫోన్లు, మెసేజీలు కూడా ఆగిపోతాయి. ఆ తర్వాత నంబరే పోతుంది. పోయిన నంబరును 90 రోజుల వరకు మాత్రం వేరేవారికి ఇవ్వరు. ఆ తర్వాత అది ఇంకొకరి చేతికి పోవచ్చు. ఈ సంగతి 2023లో సుప్రీంకోర్టు ముందు ట్రాయే చెప్పింది. అంటే రెండు మూడు నెలలు పని దొరక్క రీచార్జి చేయించుకోలేని కార్మికుడి పీఎఫ్ ఓటీపీ ముక్కూ మొగం తెలియని మనిషి ఫోనుకు పోయే రోజు వస్తుంది. ఇది బోనసు కంటే చిన్న సమస్యా? మీరే ఆలోచించండి.

చవక ఎవరికి?

ఈ మాట ఎత్తగానే కంపెనీల వాళ్లూ, వారికి వంత పాడే పత్రికలూ ఒకే పాట పాడుతాయి: "ప్రపంచంలోకెల్లా మన దేశంలోనే డేటా చవక" అని. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2014లో ఒక జీబీ సగటున 269 రూపాయలు, ఇప్పుడు పది రూపాయల లోపు. ఈ లెక్కను మేము కాదనడం లేదు. అయితే మనలాంటివాడు జీబీలు కొనడానికి పోవడం లేదు. వాడు కొనేది నంబరు బతికి ఉండే హక్కు. జీబీ ధర దిగింది గాని లోపలికి అడుగుపెట్టడానికి కట్టే టిక్కెట్టు ధర ఎక్కింది. ఈ రెండో లెక్క వాళ్లు చెప్పరు. మేము చెబుతాం, వినండి.

ఒకప్పుడు పది రూపాయల టాపప్ వేసుకుని, మనకు వచ్చే ఫోన్లు నెలల తరబడి అందుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. 2018 చివరలో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కంపెనీలు 28 రోజులకు కనీసం 35 రూపాయలు కట్టాలని నిబంధన పెట్టాయి. ఎయిర్‌టెల్‌లో ఆ కనీసం 2021 జులైలో 79 అయింది. అదే ఏడాది నవంబరులో 99 అయింది. 2022 నవంబరులో ముందు హర్యానాలో, ఒడిశాలో 155 చేసి చూశారు. ఎవరూ కిమ్మనకపోయేసరికి మిగతా రాష్ట్రాలకూ పాకించారు. 2024 జులైలో అది 199కి చేరింది. ఆరేళ్లలో 35 నుంచి 199! ఇందులో ఫోను మాటలకు లెక్క లేదు, 2 జీబీ డేటా ఉంది అంటారు. ఉండనీయండి. అడిగినవాడికి ఇవ్వండి. నెలంతా నాలుగు ఫోన్లు అందుకుంటే చాలనుకునే ముసలమ్మ ముక్కు పిండి వసూలు చేసి "నీకు లాభమే చేశాం" అనడం ఏ నీతి?

ఆరేళ్లలో మన సాంచా కూలీ ఐదింతలు పెరిగిందా? మీటరు కూలీలో పది పైసలు పెంచమంటే సేట్లు ఎన్ని సాకులు చెబుతారో మనకు తెలియనిది కాదు.

రోజూ డేటా వాడే పిల్లల ఫోను లెక్క కూడా చూద్దాం. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల పథకానికి జియో కంపెనీ 2018 మొదట్లో తీసుకున్నది 149 రూపాయలు. 2019 డిసెంబరులో 199. 2021 డిసెంబరులో 239. 2024 జులైలో 299. సరుకు అదే, రోజులు అవే, ధర రెట్టింపు. 2025 ఆగస్టులో ఇంకొక కొత్త ఉపాయం చూశాం. రోజుకు 1 జీబీ ఇచ్చే 249 రూపాయల పథకాన్ని జియో, రెండు రోజుల తేడాతో ఎయిర్‌టెల్ తమ ఆన్‌లైన్ జాబితాల్లోంచి తీసివేశాయి. రేటు పెంచామని ఎవరూ ప్రకటించలేదు. కింది మెట్టు పీకేశారు, అంతే. ఎక్కదలిచినవాడు పై మెట్టు మీదే కాలు పెట్టాలి.

లేనివాడికి ఎక్కువ, ఉన్నవాడికి తక్కువ

2024 జులైలో జియో పెట్టిన మూడు రేట్లు తీసుకుని చిన్న లెక్క వేద్దాం. బడి చదువు చాలు దీనికి.

ఏడాది డబ్బు ఒకేసారి కట్టగలిగినవాడికి 3,599 రూపాయలు. 365 రోజులు, రోజుకు రెండున్నర జీబీ. జీబీకి నాలుగు రూపాయల లోపు పడింది.

28 రోజులకోసారి కట్టేవాడికి 299. రోజుకు ఒకటిన్నర జీబీ. జీబీకి ఏడు రూపాయల పైన పడింది. ఏడాది మొత్తానికి వాడు కట్టేది 3,887. అంటే ఒకేసారి కట్టినవాడి కంటే 288 ఎక్కువ కట్టి, రోజుకు ఒక జీబీ తక్కువ పొందుతాడు.

అదీ కట్టలేనివాడికి 189. 28 రోజులు మొత్తానికి 2 జీబీ. జీబీకి తొంభై నాలుగున్నర రూపాయలు! ఫోను మాటల ఖర్చు అందులోనే కలిసి ఉందని అంటారు. మిగతా రెండు పథకాల్లోనూ అది కలిసే ఉంది కదా!

కిరాణా కొట్టులో బస్తా కొనేవాడికీ పావుకిలో కొనేవాడికీ ధర తేడా ఉంటుందని మనకు తెలుసు. అది కిలోకు రెండు రూపాయలో మూడు రూపాయలో ఉంటుంది. పావుకిలోవాడి దగ్గర ఇరవై రెట్లు గుంజే దుకాణం ఏ బజారులోనైనా చూశారా? వారం పగారు మీద బతికేవాడు ఒకేసారి మూడు వేల ఆరు వందలు ఎక్కడినుంచి తెస్తాడు? వాడి దగ్గర డబ్బు లేదు గనుకనే వాడి దగ్గర ఎక్కువ తీసుకోవడం, ఇదీ ఈ వ్యాపారం మూల సూత్రం.

క్యాలెండరులో లేని నెల

28 రోజుల నెల ఎక్కడిది? ఫిబ్రవరి తప్పితే క్యాలెండరులో అలాంటి నెల లేదు. 365 రోజులను 28తో భాగించండి, 13 వస్తుంది. పన్నెండు నెలలకు పదమూడు రీచార్జీలు. 299 లెక్కన ఒక్క నంబరుకు ఏడాదికి 299 రూపాయలు అదనం. నాలుగు ఫోన్లున్న ఇంటికి 1,196. పండక్కి ఇద్దరు పిల్లలకు బట్టలు వచ్చే డబ్బు ఇది.

మిల్లు యజమాని 28 రోజులకే నెల నిండిందని మనకు పగారు ఇచ్చి, ఏడాదికి పదమూడు పగారులు ఇస్తాడా? ఇంటి అద్దె 28 రోజులకోసారి అడిగితే ఇచ్చేవారున్నారా? పగారు వచ్చే తారీకు కదలదు. రీచార్జి తారీకు మాత్రం నెలనెలా ముందుకు జరుగుతూ, చివరికి చేతిలో చిల్లిగవ్వ లేని రోజున వచ్చి నెత్తిన కూర్చుంటుంది.

దీని మీద దేశమంతటా ఫిర్యాదులు వచ్చాక, 2022 జనవరిలో ట్రాయ్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కంపెనీ కనీసం ఒక్కటైనా 30 రోజుల పథకం, కనీసం ఒక్కటైనా ప్రతి నెలా అదే తారీకుకు వచ్చే పథకం పెట్టాలన్నది. "కనీసం ఒక్కటి" అన్న చోటే ఉంది కిటుకు. కంపెనీలు ఒక్కటి పెట్టి మూలన పడేశాయి. దుకాణం ముందు వేలాడదీసేవి మాత్రం ఆ 28 రోజులవే.

గొట్టం వ్యాపారం ఎలా నడుస్తుంది?

ఇంత వసూలుకు వారి ఖర్చు ఏమిటో తెలుసుకోవాలి. విదేశాల నుంచి సముద్రం అడుగున కేబుళ్లు వచ్చి ముంబయిలో, చెన్నైలో ఒడ్డుకు చేరుతాయి. అక్కడినుంచి దేశమంతటా గాజు తీగలు పరిచి ఉంటాయి. ఆ తీగలు టవర్ల దాకా వస్తాయి. టవరు నుంచి మన ఫోనుకు గాలిలో వస్తుంది. తీగ పరచడానికి, టవరు కట్టడానికి, ప్రభుత్వం దగ్గర స్పెక్ట్రం కొనడానికి, కరెంటుకు, మరమ్మతుకు పెద్ద ఖర్చే అవుతుంది. దాన్ని మేము తీసిపారేయడం లేదు. కానీ ఒకసారి గొట్టం వేశాక, అందులోంచి ఇంకొక జీబీ పోతే అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఇబ్బంది వచ్చేది అందరూ ఒకేసారి వాడే సాయంత్రం వేళల్లోనే. రాత్రి రెండు గంటలకు ఆ గొట్టం సగం ఖాళీగా పడి ఉంటుంది.

చిన్న ఇంటర్నెట్టు కంపెనీ పెద్ద కంపెనీ దగ్గర కొనేది జీబీలు కాదు, గొట్టం లావు. అంటే సెకనుకు ఎంత పారుతుంది అన్న వేగం. దాన్ని తెచ్చి మనకు అమ్మేటప్పుడు జీబీలుగా, రోజులుగా, గడువులుగా ముక్కలు చేస్తారు. పైగా ఒకే వేగాన్ని పదిమందికి పంచుతారు. ఇళ్ల బ్రాడ్‌బ్యాండుకు ఒకే వేగాన్ని 50 మంది దాకా పంచవచ్చునని ట్రాయ్ 2009 మార్గదర్శకాల్లోనే ఉంది. అందుకే ప్రకటనలో వేగం పక్కన "వరకు" అనే చిన్న మాట దాక్కుని ఉంటుంది. సాయంత్రం ఏడు గంటలకు పిల్లవాడి పాఠం తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయిందంటే, మన గల్లీ అంతా ఒకే గొట్టం మీద ఉన్నదని అర్థం.

ఇంకో మాయ చూడండి. 30 ఎంబీపీఎస్ అని గోడమీద రాస్తారు. ఫోనులో బొమ్మ సైజు ఎంబీల్లో కనిపిస్తుంది. రెండూ ఒకటే అనుకుంటాం. ప్రకటనలోది బిట్ల లెక్క, ఫోనులోది బైట్ల లెక్క. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 30 ఎంబీపీఎస్ అంటే సెకనుకు మూడు ముప్పావు ఎంబీ మాత్రమే. అలాగే జియోఫైబరు 2020లో 399 రూపాయల పథకం ప్రకటించింది. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే చేతినుంచి పోయేది 471. అన్‌లిమిటెడ్ అని పేరు పెట్టి, 3,300 జీబీ దాటితే వేగం తగ్గిస్తామని కింద చిన్న అక్షరాల్లో వేశారు. అంత ఎవరు వాడుతారు అనవచ్చు. వాడకపోవచ్చు. హద్దు ఉన్న సరుకుకు హద్దు లేదని పేరు పెట్టడం తప్పా కాదా?

ఇక రోజువారీ డేటా సంగతి. అర్ధరాత్రి పన్నెండు కాగానే మిగిలిన డేటా మాయం. పొద్దంతా సాంచా మీద నిలబడి ఫోను ముట్టనివాడి డేటా ప్రతి రాత్రీ పోతుంది. ఆదివారం నాడు కాసేపు సినిమా చూద్దామంటే ఒకటిన్నర జీబీ మధ్యాహ్నానికే అయిపోయి, ఇంకొక జీబీకి 19 రూపాయలు కట్టమంటుంది. వంద మీటర్ల బట్టకు డబ్బు తీసుకుని, సాయంత్రంలోగా మోసుకుపోని మీటర్లు మావే అనే వ్యాపారిని ఏమంటాం? ఇది సాంకేతికంగా తప్పదు అంటే నమ్మకండి. వొడాఫోన్ ఐడియా తన కొన్ని పథకాల్లో వారమంతా మిగిలిన డేటాను శని, ఆదివారాల్లో వాడుకోనిచ్చింది. ఒకరు చేయగలిగింది మిగతావారూ చేయగలరు. మనసు లేదు, అంతే.

పది దుకాణాలు మూడయ్యాయి

మరి పోటీ ఏమైంది? 2016 సెప్టెంబరు 5న జియో ఉచితంగా మొదలైంది. 2017 మార్చి 31 దాకా ఉచితమే. ఆనాడు మనమూ క్యూలో నిలబడి సిమ్ములు తెచ్చుకున్నాం, సంతోషించాం. ఆ దెబ్బకు మిగతా కంపెనీలు ఏమయ్యాయి? రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివరలో మొబైలు సేవ మూసేసింది. ఎయిర్‌సెల్ 2018 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. టెలినార్, టాటా డొకొమో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టులో ఒక్కటయ్యాయి. పది కంపెనీల దాకా ఉన్న బజారులో మూడు ప్రైవేటు దుకాణాలు, ఒక ప్రభుత్వ దుకాణం మిగిలాయి.

దుకాణాలు తగ్గాక జరిగింది చూడండి. 2019 డిసెంబరు 3న రెండు కంపెనీలు పెంచాయి, 6న మూడోది పెంచింది. 2021 నవంబరు 25న ఒకటి, 26న ఇంకొకటి, డిసెంబరు 1న మూడోది. 2024 జులై 3న రెండు, 4న మూడోది. కూడబలుక్కున్నారని మేము అనడం లేదు. మూడు దుకాణాలే ఉన్న సంతలో కూడబలుక్కునే అవసరం కూడా ఉండదు. ఒకడు బోర్డు మారిస్తే మిగతా ఇద్దరూ తలెత్తి చూసి మారుస్తారు. దీన్నే గుత్తాధిపత్యం అంటారు.

అడ్డుకోవలసిన ట్రాయ్ ఏం చేస్తున్నది? 1997లో ఏర్పడిన ఈ సంస్థ రెండు దశాబ్దాలకు పైగా మొబైలు రేట్లను కంపెనీల ఇష్టానికే వదిలేసింది. దానికి ఫోర్‌బేరెన్స్ అని పెద్ద పేరు. కొత్త రేటు అమలు పెట్టాక ఏడు పనిదినాల్లో తెలియజేస్తే చాలు. దెబ్బ కొట్టాక చెప్పినా సరే అన్నమాట! 2019 చివరలో ఇదే ట్రాయ్ కంపెనీల నష్టాల మొర విని, ఇంతకు తగ్గకుండా అమ్మాలనే కనీస ధర పెడదామా అని చర్చాపత్రం విడుదల చేసింది. కంపెనీలు ఏడిస్తే కింది హద్దు గురించి చర్చ. మనం ఏడిస్తే పై హద్దు గురించి చర్చ ఎందుకు లేదు?

గడువు వాళ్లకొకటి, మనకొకటి

వేల కోట్ల బకాయిలు పడ్డ కంపెనీలకు 2021 సెప్టెంబరులో కేంద్రం నాలుగేళ్ల విరామం ఇచ్చింది. వొడాఫోన్ ఐడియా ప్రభుత్వానికి కట్టవలసిన దాంట్లో 2023 ఫిబ్రవరిలో 16,133 కోట్లు, 2025 ఏప్రిల్‌లో మరో 36,950 కోట్లు షేర్లుగా మార్చుకున్నారు. దాంతో ఆ కంపెనీలో దాదాపు 49 శాతం వాటా ప్రభుత్వానిది అయింది. కంపెనీ మునిగితే ఉద్యోగులూ, కోట్లమంది వాడకందార్లూ వీధిన పడతారన్నది నిజమే. కాబట్టి ఆదుకోవడాన్ని మేము తప్పుపట్టడం లేదు. సగం వాటా పెట్టిన ప్రజలకు రేటు నిర్ణయంలో ఒక్క మాటైనా ఉండాలి కదా అంటున్నాం.

కంపెనీకి నాలుగేళ్ల గడువు ఇవ్వగలిగినవారు కార్మికుడికి నాలుగు రోజుల గడువు ఇవ్వలేరా? ఇవ్వగలరని రుజువు ఉంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టి సాంచాలు ఆగిపోయినప్పుడు, మార్చి 29న ట్రాయ్ కంపెనీలకు లేఖ రాసింది. ఎయిర్‌టెల్ 8 కోట్ల మంది పేద వాడకందార్ల గడువును ఏప్రిల్ 17 దాకా పొడిగించి, పది రూపాయల టాక్‌టైం కూడా వేసింది. అంటే రెండు సంగతులు తేలాయి. పేదవాడు ఎవడో కంపెనీ కంప్యూటరుకు తెలుసు. ఒక్క మీట నొక్కితే గడువు పెరుగుతుంది.

బీఎస్ఎన్ఎల్‌ను కుంటిదాన్ని చేసిందెవరు?

ఈ కథ మిల్లు కార్మికులకు కొత్తది కాదు. ప్రభుత్వ మిల్లుకు కొత్త యంత్రాలు ఇవ్వరు, పత్తి కొనడానికి పెట్టుబడి ఇవ్వరు, ఆ తర్వాత నష్టాల మిల్లు అని బోర్డు కట్టి తాళం వేస్తారు. 2000 అక్టోబరు 1న ఏర్పడ్డ బీఎస్ఎన్ఎల్‌కు ఇదే జరిగింది. ప్రైవేటు కంపెనీలు 4జీతో దేశాన్ని ఆక్రమిస్తుంటే దీనికి దేశవ్యాప్త 4జీ స్పెక్ట్రం కేటాయించాలనే నిర్ణయం 2019 అక్టోబరులో గాని జరగలేదు. 2020 జనవరి 31న ఒక్కరోజులో 78 వేల మందికి పైగా ఉద్యోగులను స్వచ్ఛంద విరమణ పేరుతో ఇంటికి పంపారు. చివరికి ఒడిశాలోని ఝార్సుగూడాలో 2025 సెప్టెంబరు 27న బీఎస్ఎన్ఎల్ 4జీని దేశవ్యాప్తంగా ప్రారంభించారు. జియో వచ్చిన తొమ్మిదేళ్లకు!

అయినా దాని అవసరం ఏమిటో 2024 జులైలో లోకానికి తెలిసింది. ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచిన ఆ ఒక్క నెలలో ఎయిర్‌టెల్ సుమారు 17 లక్షల మందిని, వొడాఫోన్ ఐడియా 14 లక్షల మందిని, జియో ఏడున్నర లక్షల మందిని పోగొట్టుకున్నాయి. రేట్లు పెంచని బీఎస్ఎన్ఎల్‌కు 29 లక్షల మంది కొత్తగా వచ్చారు. ఇవి ట్రాయ్ లెక్కలే. ఎవరూ పిలుపు ఇవ్వకుండానే జనం వేసిన ఓటు ఇది. ఆనాడే టవర్లు, 4జీ సిద్ధంగా ఉండి ఉంటే వచ్చినవారు నిలిచేవారు. సంతలో ఒక్క ప్రభుత్వ దుకాణం సరిగా నడిస్తే మిగతా మూడు దుకాణాల తక్కెళ్లు వాటంతట అవే సరిగా తూగుతాయి.

నలుగురూ కలిసి అడిగితే గెలుస్తాం అనడానికి కూడా ఉదాహరణ ఉంది. కొన్ని వెబ్‌సైట్లు ఉచితం, మిగతావాటికి డబ్బు అనే పద్ధతి తేవాలని పెద్ద కంపెనీలు ప్రయత్నించినప్పుడు, 2015లో పది లక్షలకు పైగా జనం ట్రాయ్‌కు ఈమెయిళ్లు రాశారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి తేడా రేట్లను నిషేధించింది. ఫేస్‌బుక్ కోట్లు ఖర్చుపెట్టి ప్రచారం చేసిన ఫ్రీ బేసిక్స్ ఆ దెబ్బతో మన దేశంలో మూతపడింది.

మన డిమాండ్లు

1. నెల అంటే నెలే. అన్ని పథకాలూ క్యాలెండరు నెల లెక్కన ఉండాలి. 28 రోజుల పద్ధతి రద్దు కావాలి.

2. మాటలకు, మెసేజీలకు మాత్రమే ఉండే చవక నెల పథకం కావాలి. 2024 డిసెంబరు ఉత్తర్వు తర్వాత 2025 జనవరిలో కంపెనీలు ఇలాంటివి పెట్టాయి గాని, 84 రోజులకు, ఏడాదికి పెట్టాయి. ఒకేసారి నాలుగు వందల పైచిలుకు కట్టగలిగితే మనకు ఈ బాధ ఎందుకు?

3. డబ్బు కట్టి కొన్న డేటా వాడేదాకా మనదే. అర్ధరాత్రి మాయం కాకూడదు.

4. అన్నిటికంటే కింది పథకానికి ట్రాయ్ పై హద్దు పెట్టాలి. రేటు పెంచేముందు బహిరంగ విచారణ జరపాలి.

5. ఆధార్, పీఎఫ్, ఈఎస్ఐతో ముడిపడిన నంబరుకు ఏడాదిపాటు మెసేజీలు ఆపకూడదు. దీని ఖర్చుకు నిధి ఉంది. 2002 నుంచి కంపెనీల ఆదాయంలో 5 శాతం సార్వత్రిక సేవ కోసమని వసూలు చేస్తున్నారు. 2023 చట్టం దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చింది. అది మన రీచార్జీల్లోంచి వెళ్లిన డబ్బే. మనకోసం ఖర్చు పెట్టండి.

6. హాజరు ఫోనులో వేయాలనే యజమాని రీచార్జి ఖర్చు భరించాలి.

7. బీఎస్ఎన్ఎల్‌కు టవర్లు, పరికరాలు, మనుషులను ఇచ్చి నిలబెట్టాలి.

ఈలోగా మనం చేయవలసింది

రీచార్జి దుకాణానికి పోయినప్పుడు నెల తారీకు పథకం ఉందా అని పేరుపెట్టి అడగండి. అది ఇవ్వడం కంపెనీ విధి. కంపెనీ మార్చాలంటే నంబరు మారనక్కరలేదు, ముందు 1900కు పోర్ట్ మెసేజి పంపాలి. పాత నంబరు వదిలేసేముందు ఆధార్‌లో, పీఎఫ్‌లో, బ్యాంకులో కొత్త నంబరు ఎక్కించుకోండి. ఆ తర్వాతే పాతది వదలండి. అన్యాయంగా డబ్బు కోస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి నంబరు రాసుకోండి. తర్వాత 1915 వినియోగదారుల లైనుకు చెప్పండి. ఫోను కంపెనీల మీద ఫిర్యాదులు వినియోగదారుల కోర్టులు వినవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఒక్కడికి పోయేది ఇరవై రూపాయలు కావచ్చు. ఆ ఇరవైకి కోర్టుకు ఎవడు పోతాడులే అన్న ధీమా మీదే వాళ్ల వ్యాపారం నడుస్తున్నది. ఒక్కడుగా పోకండి, యూనియన్ ఆఫీసుకు రండి. ఇరవై మంది ఫిర్యాదులు కలిపి రాద్దాం.

ప్రతి మిల్లు, ప్రతి కార్ఖానా, ప్రతి గల్లీ కమిటీ ఈ డిమాండ్లను మీటింగులో చదివి వినిపించాలని, ట్రాయ్‌కు పంపే విజ్ఞాపన మీద సంతకాలు సేకరించాలని కోరుతున్నాం. వేలిముద్ర వేసేవారి సంతకం ముందు తీసుకోండి. అందరికంటే ఎక్కువ కడుతున్నది వారే.

నెలకు ముప్పై రోజుల లెక్క కట్టించుకుందాం! కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి